యంత్రానికి వయసు మీరిందా, భారం మీరిందా?

ఇచ్ఛాపూర్ అనగానే శ్రీకాకుళం జిల్లా కొసన, ఒడిశా సరిహద్దును ఆనుకొని ఉన్న మన ఇచ్ఛాపురం చాలామందికి స్ఫురిస్తుంది. నేను చెప్పబోయేది ఆ ఊరిని గురించి కాదు. ఈ ఇచ్ఛాపూర్ గుజరాత్‌లో, సూరత్ నగరం నుండి హజీరా రేవుకు పోయే రహదారి మీద, తాపీ నదికి ఆవలి వైపున ఉన్నది. ఒకప్పటి పల్లె, నేడు పారిశ్రామిక వాడ. రత్నాభరణాల పరిశ్రమ కోసం ప్రత్యేకంగా ఏర్పరచిన ప్రాంగణం కూడా ఇక్కడే ఉన్నది. సూరత్‌లో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. మరమగ్గాల పని వెదుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఈ నగరంలో స్థిరపడినాయి. లింబాయత్ వంటి పేటలలో కొన్ని వీధులు నడుస్తుంటే మన ఊళ్లోనే ఉన్నామా అనిపిస్తుంది.

అటువంటి కుటుంబం ఒకటి కొన్నేళ్ల క్రిందట లింబాయత్ నుండి ఇచ్ఛాపూర్‌కు మారింది. ఇంటాయన ఒక నేత కర్మాగారంలో మగ్గాలు బాగుచేసే పనిలో ఉన్నాడు. పెద్దమ్మాయి బి.కామ్. చివరి సంవత్సరం చదువుతూ, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద టాలీ లెక్కలు సాధన చేస్తున్నది. ఆ లెక్కలు వస్తే దగ్గరి కార్యాలయాలలో ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరుకుతుందని ఆ ఇంటి ఆశ. ఒకనాటి రాత్రి ఆయన నుండి నాకు ఫోను వచ్చింది.

“అక్కా, మా కంప్యూటర్ ముసల్దయిపోయిందట. దుకాణపాయన కొత్తది కొనుమంటున్నడు. నలభై వేలయితదట. ఫైనాన్సుల తీసుకుందామనుకుంటున్న. నువ్వు రోజూ దాని మీదనే రాస్తవు గదా, ఒక్కసారి వచ్చి చూడరాదూ?”

నేను చదివినది ఆంగ్ల సాహిత్యం. వృత్తి అనువాదం. యంత్రాల లోగుట్టు నాకు తెలిసినది తక్కువ. తెలిసిన ఆ కాస్తా నష్టపోయి నేర్చుకున్నదే. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక నవల అనువదిస్తున్నప్పుడు ఒకే దినాన పదకొండు పుటలు సాగినాయి. అటువంటి దినాలు అనువాదకులకు అరుదు. సాయంకాలం ఏడు గంటల వేళ తెర మీది బాణం గుర్తు కదలడం మానివేసింది. అరగంట ఎదురుచూచి, విధిలేక యంత్రాన్ని ఆర్పివేశాను. మళ్లీ వెలిగించేసరికి పదకొండు పుటలలో రెండే మిగిలినాయి. మరునాడు ఒక దుకాణంలో నాకు ‘మెమరీని శుభ్రపరిచే’ సాఫ్ట్‌వేర్ ఒకటి అంటగట్టినారు. దానితో యంత్రం మరింత మందగించింది. అప్పుడు పట్టుదల కలిగి, ఈ జబ్బు ఏమిటో చదివీ, తెలిసినవారిని అడిగీ తెలుసుకున్నాను.

తెలుసుకున్నదాని సారం ఇది: కంప్యూటర్ నెమ్మదించడానికి సాధారణ కారణం దాని వయసు కాదు, దాని మీద మోపిన భారం. డిస్కు పాతబడి చెడిపోవచ్చు, దుమ్ము పేరుకొని లోపలి భాగాలు వేడెక్కవచ్చు. ఆ జబ్బులు వేరు. అవి లేనప్పుడు, పదేళ్లనాటి యంత్రం కొన్నప్పుడు ఎంత వేగంగా లెక్కించేదో నేడూ అంతే వేగంగా లెక్కిస్తుంది. పెరిగినది మనం దానికి అప్పగించిన పని. ఆ పని ఎక్కడ పేరుకున్నదో చూడకుండా యంత్రాన్ని పారవేయడం, చూడకుండా అప్పు చేయడం, రెండూ తొందరపాటే.

ఆ ఆదివారం ఇచ్ఛాపూర్ వెళ్లాను.

కండెల బుట్ట, నూలు గోదాము

అమ్మాయి మీట నొక్కింది. తెర వెలిగింది. ఏ పనీ ప్రారంభించకముందే పెట్టెలోని డిస్కు గరగరమని చప్పుడు చేస్తూ ఉన్నది. టాలీ తెరుచుకోవడానికి ఆరు నిమిషాలు పట్టింది. “చూసినవా అక్కా” అన్నాడు ఆయన, తప్పు తనదే అయినట్లు.

కంప్యూటర్‌లో జ్ఞాపకం రెండు విధాలు. ఒకటి డిస్కు. మన ఫైళ్లు, ఫొటోలు, ప్రోగ్రాములు శాశ్వతంగా ఉండే చోటు అది. విద్యుత్తు పోయినా అందులోనివి పోవు. రెండవది ర్యామ్. ప్రస్తుతం జరుగుతున్న పనికి కావలసినవి మాత్రమే అందులో ఉంటాయి. విద్యుత్తు ఆగిన క్షణాన అది తుడిచిపెట్టుకుపోతుంది. నా తొమ్మిది పుటలు పోయినది అందుకే. అవి ర్యామ్‌లో ఉన్నాయి గాని డిస్కుకు చేరలేదు.

మగ్గాల మధ్య బ్రతికిన మనిషికి ఈ భేదం చెప్పడం సులభమైంది. నాడె మగ్గాల శాలలో నేతగాని చేతికి అందే చోట నింపిన కండెల బుట్ట ఉంటుంది. నూలంతా గోదాములో ఉంటుంది. నాడెలోని కండె అయిపోగానే చేయి చాచి మరొకటి అందుకుంటే నేత సాగిపోతుంది. బుట్ట చిన్నదై, ప్రతి కండెకూ గోదాము దాకా పరుగెత్తవలసివస్తే, మగ్గం నడిచే సమయం కంటె నిలిచే సమయమే ఎక్కువవుతుంది. ఇక్కడ మగ్గం ప్రాసెసర్, బుట్ట ర్యామ్, గోదాము డిస్కు.

ఆ పరుగు ఎంత దూరమో అంకెలలో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ర్యామ్ నుండి ఒక అంశాన్ని అందుకోవడానికి ప్రాసెసర్‌కు సుమారు సెకనులో కోటవ వంతు కాలం పడుతుంది. తిరిగే పళ్లేలు గల పాత డిస్కు నుండి తేవడానికి సెకనులో నూరవ వంతు పడుతుంది. రెంటికీ లక్ష రెట్ల తేడా. బుట్టలోని కండె అందుకోవడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, గోదాముకు వెళ్లి రావడానికి ఒక పగలు, ఒక రాత్రి దాటి మరి సుమారు మూడు ముప్పావు గంటలు పడుతుందన్నమాట.

పని మాని మోతకు దిగిన యంత్రం

అయితే ర్యామ్ నిండగానే కంప్యూటర్ చేతులెత్తివేయదు. ర్యామ్‌లో ప్రస్తుతం అవసరం లేదనుకున్న భాగాలను డిస్కు మీదికి పంపి, కావలసినప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. ఈ ఉపాయాన్ని స్వయంచాలకంగా అమలుపరచిన తొలి యంత్రం ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో తయారై 1962లో పనిలోకి వచ్చిన అట్లాస్. అందులో వేగవంతమైన జ్ఞాపకం 16,384 పదాలు మాత్రమే. దానికి తోడు 98,304 పదాలు పట్టే నెమ్మదైన డ్రమ్ములు ఉండేవి. రెంటి నడుమ ‘పేజీ’ల చొప్పున సమాచారాన్ని అటూ ఇటూ మారుస్తూ, వాడేవారికి అంతా ఒకే విశాలమైన జ్ఞాపకంగా కనిపించేటట్లు అది చేసింది. నేటి మన కంప్యూటర్లు, ఫోనులు అన్నీ ఆ బాటలో నడిచినవే.

ఈ ఉపాయానికి ఒక హద్దు ఉన్నది. 1968లో పీటర్ డెన్నింగ్ అనే అమెరికన్ పరిశోధకుడు దానిని వివరించినాడు. ఏ ప్రోగ్రామైనా ఒక సమయంలో తన పేజీలన్నిటినీ తాకదు. కొద్ది పేజీలనే పదేపదే తాకుతుంది. ఆ కొద్ది పేజీల సమూహానికి ‘వర్కింగ్ సెట్’ అని ఆయన పేరు పెట్టినాడు. నడుస్తున్న ప్రోగ్రాములన్నిటి సమూహాలూ ర్యామ్‌లో ఇమిడినంత కాలం పని సజావుగా సాగుతుంది. ఇమడని క్షణం నుండి ఒకదాని పేజీని దించి మరొకదాని పేజీని ఎక్కించడం, అంతలోనే దించినది మళ్లీ కావలసిరావడం, ఇదే తంతు. యంత్రం పని మాని మోతకు దిగుతుంది. దీనినే ‘థ్రాషింగ్’ అంటారు.

ఇందులో మనకు పనికివచ్చే విషయం ఒకటి ఉన్నది. ఈ పతనం మెల్లమెల్లగా జరగదు. నాలుగు ప్రోగ్రాములు తెరిచినప్పుడు చక్కగా నడిచిన యంత్రం అయిదవది తెరవగానే కూలబడవచ్చు. నిన్నటి దాకా బాగున్నదే, ఇవాళ ముసలిదైపోయింది అని మనం అనుకునేది అందుకే. అదే విధంగా, ఆ ఒక్క అధికపు బరువు దించితే అది లేచి నిలబడుతుంది కూడా.

అమ్మాయి కంప్యూటర్‌లో ర్యామ్ 4 గిగాబైట్లు. తెర మీద ఏమీ లేనప్పుడే అందులో నూటికి 94 పాళ్లు నిండి ఉన్నది. డిస్కు నూటికి నూరు పాళ్లూ పనిలో ఉన్నది. ఆ గరగర చప్పుడు గోదాముకూ బుట్టకూ మధ్య సాగుతున్న పరుగు.

చంద్రుని ముంగిట హెచ్చరిక

“మరి తక్కువ మెమరీతో ఎట్లా పనిచేస్తారు ఆంటీ?” అని అడిగింది అమ్మాయి. ఆమెకు అపోలో కథ చెప్పాను.

1969 జూలై 20వ తేదీన అపోలో 11 వ్యోమనౌక నుండి విడివడిన చిన్న వాహనం నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్‌లతో చంద్రుని మీదికి దిగుతున్నది. అందులోని కంప్యూటర్‌కు, వ్రాసి చెరిపి మళ్లీ వ్రాసుకోగల జ్ఞాపకం 2,048 పదాలు. ఒక్కొక్క పదానికి 16 బిట్ల చొప్పున, మొత్తం 4 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని నేటి పద్ధతిలో కంప్యూటర్‌లో భద్రపరిస్తే దానికి పది రెట్లకు మించిన చోటు పడుతుంది.

దిగుతూ ఉండగా ‘1202’ అనే హెచ్చరిక వెలిగింది. పనులు నమోదు చేసుకోవలసిన జ్ఞాపకపు గడులు నిండిపోయినాయి, కొత్త పనికి చోటు లేదు అని దాని అర్థం. ఆ సమయంలో అవసరం లేని ఒక రాడార్ పరికరం నుండి వస్తున్న సంకేతాలు కంప్యూటర్ కాలాన్ని దొంగిలిస్తున్నాయి. హ్యూస్టన్‌లోని నియంత్రణ కేంద్రంలో నిర్ణయానికి సెకన్లే వ్యవధి. దిగడం కొనసాగించాలా, మాని వెనుదిరగాలా?

అక్కడ జాక్ గార్మన్ అనే 24 ఏళ్ల ఇంజనీరు ఉన్నాడు. అంతకు ముందు ఒక అభ్యాసంలో ఇటువంటి హెచ్చరిక వచ్చినప్పుడు బృందం తొందరపడి యాత్రను రద్దుచేసింది. ఆ పొరపాటు తరువాత, హెచ్చరికలన్నిటినీ, వాటి అర్థాలనూ గార్మన్ చేతితో వ్రాసి పెట్టుకున్నాడు. ఆ కాగితం అతని బల్ల మీదనే ఉన్నది. హెచ్చరిక అదే పనిగా రాకపోతే కొనసాగవచ్చునని అతడు చెప్పినాడు. మార్గదర్శక అధికారి స్టీవ్ బేల్స్ ఆ మాటను నిలబెట్టినాడు. కంప్యూటర్ తనంత తాను అప్రధానమైన పనులను వదలివేసి, వాహనాన్ని దింపడానికి అత్యవసరమైనవాటిని మాత్రం మళ్లీ మొదలుపెట్టింది. హెచ్చరిక పలుమార్లు వచ్చింది. వాహనం క్షేమంగా దిగింది.

ఈ కథలో రెండు పాఠాలు ఉన్నాయి. యంత్రం ‘చోటు లేదు’ అన్నప్పుడు దాని అర్థం ఏమిటో ముందు తెలుసుకోవాలి. తరువాత, ఏ పని ముఖ్యమో ఎంచి, మిగిలినవి వదలాలి.

ఆ కంప్యూటర్ గురించి మరొక మాట చెబితే ఇంటాయన కండ్లు మెరిసినాయి. దాని ప్రోగ్రాములు చిన్న చిన్న అయస్కాంత ఉంగరాల గుండా తీగలు దూర్చి అల్లిన అల్లికలో ఉండేవి. తీగ ఉంగరం లోపలి నుండి పోతే ఒకటి, బయటి నుండి పోతే సున్న. మసాచుసెట్స్‌లోని వాల్తమ్ ఊళ్లో కర్మాగారపు స్త్రీలు సూదులు పట్టి వాటిని అల్లినారు. చెరిపి వ్రాసుకునే జ్ఞాపకంలోనైతే తీగలు అచ్చంగా పడుగు పేకల వలె అడ్డంగా నిలువుగా సాగి, కూడిన ప్రతి చోటా ఒక ఉంగరం ఉండేది. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1960లో ప్రారంభమైన మన దేశపు ‘టిఫ్రాక్’ కంప్యూటర్‌లో కూడా ఈ అల్లికే ఉండేది.

“అంటే మన పనేనన్నమాట” అన్నాడు ఆయన.

పెరిగినది ఎవరి ఆకలి?

1995లో వెలువడిన విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్ల ర్యామ్ చాలునన్నారు. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు. 2009లో వచ్చిన విండోస్ 7కు ఒక గిగాబైటు. 2021లో వచ్చిన విండోస్ 11కు 4 గిగాబైట్లు. ఇరవై ఆరేళ్లలో కనీసపు ఆకలి 1,024 రెట్లు పెరిగింది. ఇవన్నీ కనీసపు కొలతలు. సుఖంగా పని జరగాలంటే ఎల్లప్పుడూ వీటికి రెట్టింపు, అంతకు మించీ అవసరమైంది.

ర్యామ్ ఖాళీగా ఉన్నప్పటికీ ‘చోటు లేదు’ అనడం కూడా ఒకప్పుడు ఉండేది. 1992 నాటి విండోస్ 3.1లో తెర మీది కిటికీలు, బొత్తాలు, బొమ్మల వివరాలు వ్రాసుకోవడానికి 64 కిలోబైట్ల చిన్న అరలు కొన్ని కేటాయించినారు. వాటికే ‘సిస్టం రిసోర్సెస్’ అని పేరు. అవి నిండితే ఎంత ర్యామ్ ఉన్నా ప్రయోజనం లేదు. ఇల్లంతా ఖాళీగా ఉండి, చెప్పుల గూడు నిండినందుకు అతిథిని వాకిట నిలబెట్టినట్లు ఉండేది. ఆ ఇరుకు తరువాతి విండోస్‌లలో చాలావరకు తీరింది గాని, కొన్ని పరిమితులు నేటికీ ఉన్నాయి. ఒక ప్రోగ్రాము తెర మీది బొమ్మలకు మామూలుగా 10,000 పిడులకు మించి పట్టుకోరాదు. అందుకే, వాడి వదిలినదానిని తిరిగి అప్పగించని చెడ్డ ప్రోగ్రాము గంటల తరబడి నడిస్తే నేటి యంత్రమూ తడబడుతుంది.

తెలుగులో వ్రాయడం వలన యంత్రానికి బరువు పెరుగుతుందేమోనని కొందరికి అనుమానం. 1980లలో ఆ మాటలో నిజం ఉండేది. అప్పటి కంప్యూటర్లు మన లిపిని సొంతంగా మోయలేకపోయేవి. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీడాక్ సంస్థలో రూపుదిద్దుకున్న ‘జిస్ట్’ కార్డును లోపల అమర్చితే గాని తెలుగు అక్షరం తెర మీద కనిపించేది కాదు. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ఒక్కొక్క అక్షర సంకేతానికి ఒక బైటు పట్టేది. నేడు యూనికోడ్‌ను నిలువ చేసే సాధారణ పద్ధతిలో మూడు బైట్లు పడుతుంది. మూడింతలన్నమాట నిజమే. అయినా మూడు లక్షల సంకేతాల నవల మొత్తం తొమ్మిది లక్షల బైట్లకు మించదు. ఒక మెగాబైటు కూడా కాదు. ఫోనుతో తీసిన ఒక్క ఫొటో అంతకంటె పెద్దది. బ్రౌజర్‌లో తెరిచిన ఒక్క పుట వందల మెగాబైట్లు తినవచ్చు. దోషం మన భాషది కానే కాదు.

బ్రౌజర్ల ఆకలికి కారణం ఉన్నది. నేటి బ్రౌజర్లు సాధారణంగా ఒక్కొక్క పుటను ఒక్కొక్క వేరు ప్రోగ్రాముగా నడుపుతాయి. ఒకటి కూలినా మిగిలినవి నిలవాలని, ఒకదాని రహస్యం మరొకదానికి అందరాదని ఈ ఏర్పాటు. మంచిదే, కాని దాని ఖరీదు ర్యామ్ రూపంలో చెల్లించవలసి ఉంటుంది.

ఇచ్ఛాపూర్‌లో జరిగిన చికిత్స

ముందుగా అమ్మాయి చదువు ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినాము. ఏ చికిత్సకైనా ఇది మొదటి మెట్టు.

తరువాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను ఒకేసారి నొక్కినాము. టాస్క్ మేనేజర్ తెరుచుకున్నది. అందులో మెమరీ అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. డబ్బు ఖర్చు లేని వైద్య పరీక్ష ఇది. మీ యంత్రం మందగించినప్పుడు మరేదీ చేయకముందు ఈ పట్టికను చూడండి.

ఆ పట్టిక అనేక సంగతులు చెప్పింది. వైరస్‌ల నుండి కాపాడే ప్రోగ్రాములు రెండు, ఒకదానినొకటి అనుమానిస్తూ, ప్రతి ఫైలునూ రెండుసార్లు తనిఖీ చేస్తున్నాయి. విండోస్‌తో వచ్చిన రక్షణ ఉండగా అందులో ఒకటి గడువు ముగిసిన ఉచిత నమూనా. వీడియో సమావేశాల ప్రోగ్రాము ఒకటి, ఎన్నడో ఒకనాటి పాఠం కోసం పెట్టినది, ప్రతి ఉదయం తనంత తాను మేలుకొంటున్నది. ముద్రణ యంత్రం ఆ ఇంట్లో లేకపోయినా దాని సహాయకుడు మాత్రం ఉన్నాడు. నాకు ఒకప్పుడు అంటగట్టినటువంటి ‘మెమరీ శుభ్రం’ ప్రోగ్రాము కూడా ఉన్నది.

ఈ చివరి దానిని గురించి ఒక హెచ్చరిక. ర్యామ్ నిండుగా కనిపించడం దానంతట అదే జబ్బు కాదు. ఖాళీగా ఉన్న ర్యామ్ ఎవరికీ పనికిరాదు కనుక, మళ్లీ అవసరం కాగలవాటిని విండోస్ అందులో ముందుగానే ఉంచుకుంటుంది. చోటు కావలసినప్పుడు వాటిని తీసివేస్తుంది. శుభ్రం చేస్తామనే ప్రోగ్రాములు చాలావరకు చేసేది, నడుస్తున్న పనుల పేజీలను బలవంతాన డిస్కుకు నెట్టడం. అంకె తగ్గుతుంది, మనకు సంతోషం కలుగుతుంది. మరుక్షణం అవన్నీ డిస్కు నుండి తిరిగి రావలసిందే. బుట్టలోని కండెలు గోదాములో పారబోసి, బుట్ట ఖాళీ అయిందని మురిసినట్లు ఉంటుంది.

మేము చేసినవి ఇవి. అక్కరలేని ప్రోగ్రాములను తొలగించినాము. రక్షణకు ఒక్కదానినే ఉంచినాము. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ పట్టికలో, యంత్రంతో పాటు మేలుకొనేవాటిని పద్నాలుగు నుండి మూడుకు తగ్గించినాము. బ్రౌజర్‌లో పేరుకొన్న ఇరవైమూడు పుటలలో కావలసినవాటి చిరునామాలు గుర్తుపెట్టించి, రెండింటిని మాత్రం తెరిచి ఉంచినాము. దానికి తగిలించిన అదనపు తోకలు తీసివేసినాము. డిస్కులో పాత సినిమాలు నిండి ఉంటే తొలగించినాము. ర్యామ్‌లో పట్టని పేజీలకు డిస్కులోనైనా చోటు ఉండాలి కదా. పదింట ఒక వంతయినా ఖాళీ ఉంచడం మంచిది.

ఆ పిమ్మట రీస్టార్ట్ చేసినాము. చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుండి, షట్‌డౌన్ చేసినప్పుడు యంత్రం తన అంతరంగాన్ని డిస్కు మీద వ్రాసిపెట్టుకొని, మరునాడు త్వరగా లేవడానికి దానినే తిరిగి తెచ్చుకుంటుంది. కనుక దినమూ ఆర్పివేసినా లోపలి చికాకులు కొన్ని అలాగే ఉండిపోతాయి. రీస్టార్ట్ చేసినప్పుడే అంతా మొదటి నుండి మొదలవుతుంది. వారానికొకసారైనా రీస్టార్ట్ చేయడం అలవరచుకోండి.

యంత్రం మళ్లీ వెలిగింది. ర్యామ్ నూటికి 52 పాళ్ల వద్ద నిలిచింది. గరగర చప్పుడు కాసేపటికి ఆగింది. టాలీ తెరుచుకోవడానికి ఒక నిమిషం పైన పట్టింది. ఆరు నిమిషాలు ఒక నిమిషమైనందుకు అమ్మాయి చప్పట్లు కొట్టింది.

పొదుపుతో తీరనివి

పొదుపు అన్నిటినీ తీర్చదు. మిగిలిన ఆ నిమిషానికి కారణం తిరిగే పళ్లేల డిస్కు. దాని స్థానంలో కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అమర్చితే గోదాము దగ్గరకు జరిగినట్లే. మన పూర్వపు లెక్కలో ఒక పగలు, ఒక రాత్రి దాటి పట్టిన ప్రయాణం పావుగంట చిల్లరకు తగ్గుతుంది. పాత యంత్రానికి చేసే ఖర్చులలో ఇంత ఫలితం ఇచ్చేది మరొకటి అరుదు. కొత్త యంత్రపు ధరలో అది చిన్న భాగం.

ర్యామ్ కూడా పెంచవచ్చు. అయితే కొనే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. డీడీఆర్3 గాడిలో డీడీఆర్4 పట్టదు. మీ యంత్రంలోనిది ఏ రకమో తెలుసుకొని వెళ్లండి. రెండవది, విండోస్ 32 బిట్ల రకమైతే 4 గిగాబైట్లకు మించి పెట్టినా వృథా. ముప్పైరెండు బిట్లతో వ్రాయగల చిరునామాలు 4,294,967,296 మాత్రమే. ఆపై ఇళ్లు ఎన్ని కట్టినా వాటికి తలుపు సంఖ్య ఉండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది భద్రత. విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినాయి. పొడిగింపు కోసం ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవారిది వేరు సంగతి. విండోస్ 11 చాలా పాత యంత్రాలను అంగీకరించదు. వేగంగా నడుస్తున్నది కదా అని తాళం లేని ఇంట్లో నగలు పెట్టరాదు. అటువంటి యంత్రం మీద బ్యాంకు లావాదేవీలు చేయకండి. చదువుకు, వ్రాతకు, లేఖలకు మాత్రమే వాడేవారు లుబుంటు, లినక్స్ మింట్ వంటి తేలికైన ఉచిత వ్యవస్థలకు మారవచ్చు. అవి నేటి సవరణలతో వస్తాయి, తెలుగు కూడా చక్కగా వ్రాయవచ్చు. టాలీ విండోస్ కోసం తయారైనది కనుక మా అమ్మాయికి ఆ దారి పూర్తిగా కుదరలేదు. భద్రతా సవరణల పొడిగింపుకు నమోదు చేయించి, లెక్కల సాధనకు మాత్రం ఆ కంప్యూటర్‌ను ఉంచుకొని, డబ్బుతో ముడిపడిన పనులు దానిమీద చేయరాదని నిర్ణయించుకున్నారు.

ఏదో ఒకనాటికి ఆ యంత్రాన్ని మార్చక తప్పదు. ఆ సంగతి ఆయనకు చెప్పాను. కాని ఆ దినం ఎప్పుడన్నది దుకాణంలో కాదు, తమ ఇంట్లో, తమ అవసరాన్ని బట్టి తేలవలసిన విషయం. ఉద్యోగం వచ్చిన తరువాత అమ్మాయి తన జీతంతో కొనుక్కోవచ్చు.

వెళ్లబోతుంటే అమ్మాయికి ఒక మాట గట్టిగా చెప్పాను. ఎంత బాగా నడుస్తున్నా పది నిమిషాలకొకసారి కంట్రోల్, ఎస్ మీటలు నొక్కి చేసిన పని భద్రపరచుకోమన్నాను. అది నా తొమ్మిది పుటల ఖరీదు.

రెండు వారాల తరువాత ఆయన ఫోను చేసినాడు. ఎస్‌ఎస్‌డీ వేయించినారట. ఫైనాన్సు కాగితాల మీద సంతకం చేయలేదట. పక్కింటివాళ్ల కంప్యూటర్ కూడా ముసలిదైపోయిందని ఎవరో అంటే తానే వెళ్లి మూడు మీటలు నొక్కి చూపించినాడట.

“మగ్గం ఆగితే ముందుగాల తెగిన పోగు యాడున్నదో చూస్తం అక్కా” అన్నాడు. “మగ్గం మారుస్తమా? ముప్పై ఏండ్ల సంది అదే పని చేసుకుంట, ఇంట్ల డబ్బా ఆగితే మాత్రం చూడాల్నని తోచకపాయె.”